అమ్మకు కావాల్సిన ప్రత్యేక కుర్చీ: ఎన్‌హెచ్‌ఎస్ మాది కాదంటే, కౌన్సిల్ మాది కాదంటే ఏం చేయాలి?

మీరు రాసిన విషయం క్లుప్తంగా ఇది. అమ్మగారికి డెబ్బై ఆరేళ్లు, పార్కిన్సన్స్ బాగా ముదిరింది, ఇంగ్లండ్‌లో మీ ఇంట్లోనే ఉంటున్నారు. మామూలు కుర్చీలో కూర్చోబెడితే కాసేపటికే ముందుకు జారిపోతున్నారు. నడుము కింద చర్మం ఎర్రబడుతోంది. అన్నం తినేటప్పుడు పొలమారుతోంది. ఇంటికొచ్చి చూసిన ఓటీ, అంటే రోజువారీ పనులు చేసుకోవడానికి సాయపడే ఆక్యుపేషనల్ థెరపిస్టు, టిల్ట్ ఇన్ స్పేస్ కుర్చీ (సీటు, వీపు కలిసి వెనక్కి ఒరిగేది) అవసరమని చెప్పారు. స్థానిక ప్రభుత్వమైన కౌన్సిల్‌ను అడిగితే ఇది ఆరోగ్య సమస్య, ఎన్‌హెచ్‌ఎస్‌ను (ప్రభుత్వ ఆరోగ్య సేవను) అడగమన్నారు. ఎన్‌హెచ్‌ఎస్ వాళ్లేమో కుర్చీ అంటే ఫర్నిచర్, మేం ఇవ్వం అన్నారు. వేల పౌండ్ల ధర చూసి, అప్పు చేసి కొనేయాలా అని అడుగుతున్నారు.

ఇప్పుడే కొనకండి. నేను ఇక్కడ చాలా ఏళ్లు కమ్యూనిటీలో ఓటీగా పనిచేశాను. నిజంగా అర్హత ఉన్న కుటుంబాలు విసిగిపోయి, సొంత డబ్బు పెట్టి కొనుక్కోవడం చాలాసార్లు చూశాను. ఒకసారి మీరు కొన్నాక ఆ డబ్బు వెనక్కి రాబట్టడం చాలా కష్టం. పైగా అవసరం తీరిపోయింది కదా అని ఫైలు పక్కన పెట్టేస్తారు.

మీకు నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి ఒక్కటే. ఇప్పటిదాకా మీరు కుర్చీ అడిగారు. కుర్చీ అడిగితే కుర్చీ ఇవ్వం అంటారు. అమ్మగారి ఒంట్లో ఏం జరుగుతోంది, ఆ కుర్చీ లేకపోతే ఏం జరుగుతుంది అన్నది కాగితం మీద, వైద్య సిబ్బంది చేత రాయించాలి. ఆ కాగితం పడ్డాక, "ఈ అవసరాన్ని మీరు ఎలా తీరుస్తారు?" అని అడగాలి. అప్పుడు జవాబు చెప్పాల్సిన బాధ్యత వాళ్ల మీద పడుతుంది.

ముందుగా ఈ కుర్చీ ఎందుకు ఫర్నిచర్ కాదో మీకు బాగా అర్థం కావాలి, ఎందుకంటే ప్రతి మీటింగ్‌లోనూ మీరు ఇదే చెప్పాల్సి వస్తుంది. షాపులో దొరికే రిక్లైనర్‌లో వీపు మాత్రమే వెనక్కి వాలుతుంది. అలా వాలినప్పుడు తుంటి దగ్గర కోణం తెరుచుకుంటుంది, ఒళ్లు ముందుకు జారుతుంది. చర్మం కుర్చీకి అంటుకుని ఆగిపోతుంది, లోపలి ఎముక మాత్రం కదులుతుంది. ఆ రాపిడిలోనే పుండ్లు మొదలవుతాయి. టిల్ట్ ఇన్ స్పేస్‌లో సీటు, వీపు కలిసి ఒకే కోణంలో వెనక్కి ఒరుగుతాయి. తుంటి కోణం మారదు కాబట్టి జారడం తగ్గుతుంది, పిరుదుల మీది బరువులో కొంత వీపు మీదికి వెళ్తుంది. తల, మెడ, ఛాతీ సరైన తీరులో నిలబడతాయి కాబట్టి ఊపిరి తీసుకోవడం, మింగడం సులువవుతాయి. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు ఒళ్లు బిగుసుకుపోవడం, ఒక పక్కకు ఒరిగిపోవడం కూడా ఉంటాయి కాబట్టి పక్కల ఆసరా కూడా కావాలి. ఇవన్నీ కలిపి చెప్తే ఇది చర్మానికీ, మింగడానికీ, ఊపిరికీ సంబంధించిన పరికరం అవుతుంది. "కుర్చీ" అన్న మాట చివర్లో వస్తే చాలు.

ఇక డబ్బు ఎక్కడి నుంచి రావచ్చో చూద్దాం. ఒకటి కాదు, నాలుగైదు దారులు ఉన్నాయి. ఒకరు కాదన్నంత మాత్రాన తలుపులన్నీ మూసుకుపోయినట్టు కాదు.

మొదటిది కౌన్సిల్. కేర్ యాక్ట్ 2014 ప్రకారం, అంచనా వేసి అవసరం ఉందని తేలితే, ఇంట్లో ఉండేవాళ్లకు సహాయక పరికరాలు ఉచితంగా ఇవ్వాలి. ఇంటికి చేసే చిన్న మార్పులు కూడా 1,000 పౌండ్ల లోపు ఖర్చయ్యేవైతే ఉచితమే. ఇందులో మీ ఆదాయం, పొదుపు చూడరు. చాలాచోట్ల కౌన్సిల్, ఎన్‌హెచ్‌ఎస్ కలిసి ఒకే పరికరాల స్టోర్ నడుపుతాయి. అందులో మామూలు కేటలాగ్ ఒకటి ఉంటుంది: ఆసుపత్రి మంచం, ప్రెషర్ పరుపు, కమోడ్, హాయిస్ట్ (మనిషిని పైకెత్తి మార్చే పరికరం) లాంటివి. అందులో లేనిది కావాలంటే ఓటీ విడిగా అర్జీ పెట్టాలి, దాన్ని ఒక ప్యానెల్ చూస్తుంది. మీ విషయంలో అసలు ఆ అర్జీ వెళ్లిందో లేదో నాకు అనుమానంగానే ఉంది. ఫోన్‌లో "మేం ఇవ్వం" అన్నది చాలాసార్లు ప్యానెల్ నిర్ణయం కాదు, ఫోన్ ఎత్తినవాళ్ల మాట. ఓటీని సూటిగా అడగండి: ప్రత్యేక పరికరాల ప్యానెల్‌కు పంపారా, ఎప్పుడు పంపారు, నిర్ణయం రాతపూర్వకంగా వచ్చిందా? కౌన్సిల్ తక్కువ ఖర్చుతో అవసరం తీరే మార్గం ఎంచుకోవచ్చు, అది తప్పు కాదు. కానీ మనిషి పరిస్థితి చూడకుండా "కుర్చీలు ఎవరికీ ఇవ్వం" అనే గుండుగుత్త నియమం పెట్టుకోకూడదు.

రెండోది ఎన్‌హెచ్‌ఎస్ కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్. అందరూ సీహెచ్‌సీ అంటారు. మీ ఉత్తరంలో దీని ప్రస్తావనే లేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు ప్రధానమైన అవసరం ఆరోగ్యపరమైనదే అని తేలితే, వాళ్ల సంరక్షణ ఖర్చంతా ఎన్‌హెచ్‌ఎస్ భరిస్తుంది. ఆస్తిపాస్తులు చూడరు. ఇల్లు సొంతమా, బ్యాంకులో ఎంత ఉంది అన్న ప్రశ్నే రాదు. జబ్బు పేరు కూడా ముఖ్యం కాదు, అవసరాల తీవ్రత ముఖ్యం. 2022 జులై నుంచి ఈ నిర్ణయం మీ ప్రాంతపు ఎన్‌హెచ్‌ఎస్ సంస్థ అయిన ఇంటిగ్రేటెడ్ కేర్ బోర్డు చేతిలో ఉంది, ఐసీబీ అంటారు.

మొదట చెక్‌లిస్ట్ అనే చిన్న పరిశీలన ఉంటుంది. నర్సు, డాక్టర్, సోషల్ వర్కర్ లాంటివాళ్లలో శిక్షణ ఉన్నవాళ్లు దాన్ని నింపుతారు. పదకొండు అంశాలు, ఒక్కోదానికి ఏ, బీ, సీ (ఏ అంటే అవసరం అన్నిటికంటే ఎక్కువ). రెండు ఏలు వచ్చినా, ఐదు బీలు వచ్చినా, ఒక ఏతో నాలుగు బీలు వచ్చినా పూర్తి అంచనాకు పంపాలి. ఊపిరి, ప్రవర్తన, మందులు-లక్షణాల నియంత్రణ, స్పృహలో మార్పులు అన్న నాలుగింటిలో దేనిలోనైనా ఒక్క ఏ వచ్చినా చాలు. ఈ గడపను కావాలనే తక్కువ ఎత్తులో పెట్టారు. మీరు చెప్పినదాన్ని బట్టి కదలిక, చర్మం, ఆహారం, మందులు ఈ నాలుగూ అమ్మగారికి గట్టిగా చూడాల్సినవి. జీపీని (ఫ్యామిలీ డాక్టర్‌ను) గానీ ఇంటికొచ్చే డిస్ట్రిక్ట్ నర్సును గానీ చెక్‌లిస్ట్ చేయమని ఈ వారమే అడగండి.

తర్వాత వచ్చే పూర్తి అంచనాలో పన్నెండు అంశాలు చూస్తారు. ఒక్కోదాని తీవ్రతకు అవసరం లేదు అన్న దగ్గర్నుంచి లో, మోడరేట్, హై, చాలావాటికి సివియర్ దాకా మెట్లు ఉంటాయి. ఊపిరి, ప్రవర్తన, మందులు, స్పృహ అన్న నాలుగు అంశాలకు మాత్రం ప్రయారిటీ అని ఇంకొక మెట్టు ఉంది. ఒక ప్రయారిటీ గానీ రెండు సివియర్‌లు గానీ వస్తే అర్హత స్పష్టంగా ఉన్నట్టే. అవి రాకపోయినా కథ ముగియదు. అవసరాల స్వభావం, తీవ్రత, ఒకదానితో ఒకటి చిక్కుపడిన తీరు, ముందుగా ఊహించలేని తనం, ఈ నాలుగూ కలిపి చూడాలి. అమ్మగారి మందు ప్రభావం తగ్గినప్పుడు ఒళ్లు బిగుసుకోవడం, అదే సమయంలో మింగలేకపోవడం, మింగలేక మందు ఆలస్యం కావడం, దాంతో బిగుసుకోవడం పెరగడం, ఇదే ఆ చిక్కు. విడివిడిగా చూస్తే ఒక్కోటి మధ్యస్థంగా కనిపించవచ్చు, అందుకే ఆ గొలుసంతా మీరే విప్పి చెప్పాలి. చెక్‌లిస్ట్ అందాక సాధారణంగా 28 రోజుల్లో నిర్ణయం రావాలి. పరిస్థితి వేగంగా దిగజారుతూ, చివరి దశకు చేరుతున్నట్టు డాక్టర్ గానీ నర్సు గానీ భావిస్తే ఫాస్ట్ ట్రాక్ ఉంది. అందులో సంరక్షణ 48 గంటల్లో అందేలా చూడాలని నియమాల్లోనే ఉంది.

సీహెచ్‌సీ వస్తే పరికరాల సంగతేంటి? మామూలు పరికరాలు అందరిలాగే ఉమ్మడి స్టోర్ నుంచి వస్తాయి. ఆమె అవసరానికి ప్రత్యేకంగా కావాల్సినవి ఉంటే వాటి ఏర్పాటు ఐసీబీ బాధ్యత. అందుకే సంరక్షణ ప్రణాళిక రాసేటప్పుడే ఆ కుర్చీ అందులో చేరాలి. ఇంట్లో ఉంటూ సీహెచ్‌సీ పొందేవాళ్లకు పర్సనల్ హెల్త్ బడ్జెట్ అడిగే హక్కు కూడా 2014 నుంచి ఉంది. డబ్బును మీరే చూసుకునేలా తీసుకోవచ్చు, కానీ లెక్కలు పక్కాగా ఉంచాలి. అంత ఓపిక లేకపోతే వాళ్లనే చూసుకోమనడం మంచిది.

మూడో దారి వీల్‌చైర్ సర్వీసు. అమ్మగారు బయటికి వెళ్లడానికి, ఇంట్లో ఒక గది నుంచి ఇంకో గదికి కదలడానికి కూడా కుర్చీ కావాలంటే, చక్రాలున్న టిల్ట్ ఇన్ స్పేస్ వీల్‌చైర్‌ను వాళ్లే ఇవ్వవచ్చు. చాలామంది ఈ సంగతి గమనించరు. హాల్లో కదలకుండా ఉండే కుర్చీకి ఎవరూ ముందుకు రానప్పుడు, అదే పని చేసే వీల్‌చైర్ ఇంకో బడ్జెట్ నుంచి దొరకవచ్చు. ఎన్‌హెచ్‌ఎస్ వీల్‌చైర్‌కు అర్హత ఉన్నవాళ్లకు 2019 డిసెంబర్ 2 నుంచి పర్సనల్ వీల్‌చైర్ బడ్జెట్ చట్టబద్ధమైన హక్కు. వాళ్లు లెక్కగట్టిన మొత్తానికి మీరు కొంత కలిపి ఇంకాస్త మంచిది తీసుకోవచ్చు. అయితే రోజంతా అందులోనే కూర్చోవడం అమ్మగారికి సరిపోతుందో లేదో వాళ్ల థెరపిస్టే తేల్చాలి.

మిగతావి త్వరగా చెప్తాను. సీలింగ్ హాయిస్ట్, స్టెయిర్‌లిఫ్ట్, కింద అంతస్తులో స్నానాల గది లాంటివాటికి కౌన్సిల్ ఇచ్చే డిజేబుల్డ్ ఫెసిలిటీస్ గ్రాంట్ ఉంది, ఇంగ్లండ్‌లో గరిష్ఠంగా 30,000 పౌండ్లు. పెద్దవాళ్ల విషయంలో ఆదాయం చూస్తారు. మంజూరు కాకముందే పని మొదలుపెట్టకూడదు. సీహెచ్‌సీ లేకుండా, స్థానికంగా ఎవరూ ఇవ్వని వైద్య పరికరం కావాల్సి వస్తే, డాక్టర్ ఇండివిడ్యువల్ ఫండింగ్ రిక్వెస్ట్, అంటే ఆ ఒక్క రోగి కోసం నిధుల అర్జీ, పెట్టవచ్చు, కానీ అందరికంటే ఈ రోగి పరిస్థితి భిన్నం అని నిరూపించాలి. అది కష్టం, మీకు మొదటి దారి కాదు. అన్నీ కాదంటే జబ్బుకు సంబంధించిన ఛారిటీలు ఉంటాయి. ఏదో ఒక రోజు కొనాల్సే వస్తే, దీర్ఘకాలిక జబ్బు ఉన్నవాళ్ల కోసం తయారైన పరికరాలకు వ్యాట్ మినహాయింపు ఉందని గుర్తుంచుకోండి. డిక్లరేషన్ ఫారం నింపి అమ్మేవాళ్లకిస్తే చాలు.

ఇప్పుడు అసలు కాగితం గురించి. మీ ఓటీ రాసిన ఉత్తరం మీరు పంపలేదు కానీ, చాలా ఉత్తరాలు ఇలా ఉంటాయి: "ఈమెకు టిల్ట్ ఇన్ స్పేస్ కుర్చీ వల్ల ప్రయోజనం ఉంటుంది." ఇలాంటి వాక్యాన్ని ప్యానెల్ నిమిషంలో పక్కన పెడుతుంది. ప్రయోజనం అందరికీ ఉంటుంది. ఉత్తరంలో నాలుగు సంగతులు ఉండాలి. ఇప్పుడు ఉన్న ప్రమాదం ఏమిటి, ఏ కొలతతో తేల్చారు: ఉదాహరణకు Waterlow స్కోరు (పుండ్లు పడే ప్రమాదాన్ని కొలిచేది) ఎంత, చర్మం ఎర్రబడింది ఎక్కడ, నొక్కితే తెల్లబడుతోందా లేదా. తక్కువ ఖర్చువి ఏవేవి ప్రయత్నించారు, అవి ఎందుకు పనికిరాలేదు. ప్రత్యేక కుర్చీలో కూర్చోబెట్టి చూసినప్పుడు ఏం మారింది. అది రాకపోతే ఏం జరుగుతుంది: పుండు, ఛాతీ ఇన్‌ఫెక్షన్, ఆసుపత్రిలో చేరడం, రోజంతా మంచానికే పరిమితం కావడం. ఈ నాలుగింటిలో రెండోది అన్నిటికంటే ముఖ్యం. "మామూలు రిక్లైనర్ సరిపోదా?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది, జవాబు ముందే ఉత్తరంలో ఉండాలి.

కుర్చీ అమ్మే కంపెనీలు ఇంటికొచ్చి ఉచితంగా ప్రయత్నింపజేస్తాయి. ఆ రోజు ఓటీ కూడా ఉండేలా చూడండి. కంపెనీ మనిషి రాసిన రిపోర్టు ఒక్కటే ఉంటే దాన్ని అమ్మకపు కాగితంగా చూస్తారు. అదే రోజు ఓటీ తన కళ్లతో చూసి, ఎంతసేపు జారకుండా కూర్చున్నారు, తల ఎలా ఉంది, ముద్ద మింగడం ఎలా ఉంది అని రాస్తే దానికి బరువు వస్తుంది. వీలైతే స్పీచ్ థెరపిస్టును కూడా రప్పించండి, మింగడం వాళ్ల విషయం. టిష్యూ వయబిలిటీ నర్సు చర్మం గురించి రాసే నాలుగు వాక్యాలకు కూడా ప్యానెల్‌లో చాలా విలువ ఉంటుంది.

మీరు చేయాల్సింది డైరీ. పెద్దగా ఏమీ అక్కర్లేదు, తేదీ, సమయం, ఏం జరిగింది. ఎన్నిసార్లు జారారు, ఎంతమంది కలిసి పైకి లాగారు, ఎప్పుడు పొలమారింది, రాత్రి ఎన్నిసార్లు లేచి పక్కకు తిప్పారు. పుండ్ల ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్లను కనీసం నాలుగు గంటలకోసారి కదిలించాలని ఇక్కడి వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ (NICE) సంస్థ చెప్తుంది. ఆ పని రాత్రంతా మీరు చేస్తున్నట్టయితే అది ఎన్‌హెచ్‌ఎస్ లెక్కలోకి రావాల్సిన పని. చర్మం ఎర్రబడినప్పుడు అమ్మగారి అనుమతితో ఫోటో తీసి తేదీ వేసి ఉంచండి.

ఇక్కడ మన కుటుంబాల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామందికి నష్టం చేస్తోంది. అంచనాకు వచ్చిన నర్సు "ఎలా ఉన్నారు?" అని అడిగితే, మన పెద్దవాళ్లు "బాగానే ఉన్నానమ్మా" అంటారు. కొడుకు, కోడలు "ఫర్వాలేదండీ, మేం చూసుకుంటున్నాం" అంటారు. ఇంటికొచ్చినవాళ్ల ముందు కష్టం చెప్పుకోవడం మనకు నామోషీ. ఆ రోజు ఇల్లు సర్దుతాం, అమ్మకు మంచి చీర కడతాం, మందు సరిగ్గా పనిచేసే వేళకు అపాయింట్‌మెంట్ పెట్టుకుంటాం. వచ్చినవాళ్లు చూసింది రాసుకుని వెళ్లిపోతారు. దయచేసి అలా చేయకండి. రోజులో ఎక్కువ కష్టంగా ఉండే వేళకే రమ్మనండి. మీరు రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉండటం వల్లే పుండు పడలేదు, అంతేగానీ అవసరం లేక కాదు. చక్కగా చూసుకుంటున్న అవసరం కూడా అవసరమే అని సీహెచ్‌సీ నియమావళిలోనే ఉంది. "పుండు లేదు కదా" అని ఎవరైనా అంటే ఈ మాటే చెప్పండి. ఇంకోటి, అమ్మగారికి ఇంగ్లిష్ ధారాళంగా రాకపోతే తెలుగు అనువాదకుడిని ఏర్పాటు చేయమని ముందే అడగండి. మీరు అనువదిస్తే, తెలియకుండానే ఆవిడ బాధ తగ్గించి చెప్తారు. కూతురి ముందు, కోడలి ముందు మలమూత్రాల సంగతి ఆవిడ కూడా విప్పి చెప్పరు.

వద్దన్నారనుకోండి. రాతపూర్వకంగా కారణాలు, ఏ నియమం ప్రకారం కాదన్నారో ఆ నియమం, నిర్ణయం తీసుకున్న ప్యానెల్ పేరు అడగండి. సీహెచ్‌సీ పూర్తి అంచనా తర్వాత కాదంటే, ఆరు నెలల్లోగా ఐసీబీని పునఃపరిశీలన కోరవచ్చు. అక్కడా కాకపోతే ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ నియమించే స్వతంత్ర ప్యానెల్, ఆ తర్వాత ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారి, పార్లమెంటరీ అండ్ హెల్త్ సర్వీస్ అంబుడ్స్‌మన్. కౌన్సిల్ మీద ఫిర్యాదుకు ఇంకో అంబుడ్స్‌మన్ ఉన్నారు, లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్. ఇద్దరూ ఒకరి మీదికి ఒకరు నెట్టుకుంటుంటే ఒకే ఈమెయిల్ ఇద్దరికీ పంపండి. "ఈ అవసరం ఉందని మీ ఓటీయే తేల్చారు. మీ ఇద్దరిలో ఎవరు తీరుస్తారో, ఈలోపు తాత్కాలికంగా ఏం ఇస్తారో రాతపూర్వకంగా చెప్పండి" అని రాస్తే చాలు. రెండో పక్షానికి కూడా ఆ కాగితం చేరిందని తెలిశాక ఊరికే నెట్టేయడం కష్టమవుతుంది. ఈలోపు కుర్చీ రాకపోయినా ప్రెషర్ కుషన్, స్లైడ్ షీట్లు (మంచం మీద మనిషిని సులువుగా జరిపే గుడ్డలు), ఆసుపత్రి మంచం లాంటివి స్టోర్‌లో ఉంటాయి, వాటిని ఆపకుండా అడగండి.

ఇవి చదివే మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు. నేను చెప్పింది ఇంగ్లండ్ సంగతి. స్కాట్లండ్‌లో సీహెచ్‌సీ 2015లోనే పోయింది, వేల్స్‌కు విడి నియమాలు ఉన్నాయి. కేర్ హోమ్‌లో ఉన్నవాళ్లకు మామూలు పరికరాలు హోమే ఇవ్వాలి, ఆ మనిషి కోసం ప్రత్యేకంగా కావాల్సినవాటికే ఐసీబీని, కౌన్సిల్‌ను అడగాలి. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి ఉంటే పైన రాసిన సహాయమేదీ అందదు, ఆసుపత్రి వైద్యానికే మామూలు ధరకు ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు. అలాంటివాళ్లు వచ్చే ముందే మంచి బీమా చేయించండి. ఈ అమ్మగారు ఇక్కడ స్థిరపడి ఏళ్లయింది కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

కుర్చీ మంజూరైతే అది చాలావరకు అప్పుగా ఇచ్చేదే, అవసరం తీరాక వెనక్కి ఇవ్వాలి. మరమ్మతు ఎవరు చేస్తారు, ఫోన్ నంబర్ ఏది అని వచ్చిన రోజే అడిగి రాసుకోండి. హాయిస్ట్ ఇస్తే దాన్నీ, మనిషిని మోసే గుడ్డ పట్టీ అయిన స్లింగ్‌నూ ఆరు నెలలకోసారి తనిఖీ చేయాలి. ఛారిటీ ఇచ్చిన పరికరాల విషయంలో చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు: వస్తువు ఉచితంగా వస్తుంది, పాడైతే చూసే దిక్కు ఉండదు.

మీరు వెంటనే చేయాల్సినవి రెండు. ఓటీని అడిగి ప్యానెల్ సంగతి కనుక్కోవడం, జీపీకి చెక్‌లిస్ట్ గురించి రాయడం. రెండూ ఈమెయిల్‌లోనే చేయండి, ఫోన్‌లో మాట్లాడినా తర్వాత "ఇవాళ మనం అనుకున్నది ఇది" అని ఒక మెయిల్ పెట్టండి. ఓటీ ఉత్తరం చేతికొచ్చాక అమ్మగారి పేరు, చిరునామా తీసేసి ఆ నాలుగు సంగతుల దగ్గర ఏం రాశారో ఇక్కడ పెట్టండి. ఎక్కడ బలహీనంగా ఉందో చూసి చెప్తాను.